42వ నంబరు బూట్లు

1980లలో మా ఇంటికి ‘సోవియట్ భూమి’ పత్రిక వచ్చేది. నాన్న చదివేసిన సంచికల్లోని నున్నటి, మందపాటి కాగితాలతో మేము నోటుపుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్ళం. అలా ఒక ఏడాదంతా నా లెక్కల పుస్తకం అట్ట మీద ఒక రష్యన్ పెద్దావిడ ఉండేది. నెరిసిన జుట్టు, ముదురు రంగు కోటు, ఆ కోటుకు రెండు వైపులా వరుసలు కట్టిన పతకాలు. మే 9న, విజయ దినోత్సవం నాడు తీసిన ఫోటో అని కింద రాసి ఉండేది. ఆవిడ యుద్ధంలో ఏ పని చేసిందో మాత్రం అందులో లేదు. లెక్కల పీరియడులో నేను ఆ పతకాలను లెక్కపెట్టేదాన్ని. ప్రతిసారీ లెక్క వేరుగా వచ్చేది.

కొన్నేళ్ళ తర్వాత డిగ్రీ చదువుతూ, విద్యార్థులకు కవాతూ తుపాకీ పట్టడమూ నేర్పే ఒక శిక్షణ దళంలో చేరాను. యూనిఫారాలు పంచిన రోజున నాకు దొరికిన బూట్లు నా పాదానికి రెండు సైజులు పెద్దవి. అమ్మాయిల సైజులు రాలేదని, ఉన్నవాటితోనే సర్దుకోవాలని చెప్పారు. వేళ్ళ దగ్గర పాత దినపత్రికను ఉండ చేసి కుక్కుకున్నాను. పది రోజుల క్యాంపులో మూడో రోజుకే మడమల మీది బొబ్బలు చితికి సాక్సులకు అంటుకుపోయాయి. ఆడపిల్లల మరుగుదొడ్లు గుడారాలకు దూరంగా ఉండేవి కాబట్టి, రాత్రిపూట ఎవరికి అవసరం వచ్చినా నలుగురం లేచి టార్చిలైటు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. నెలసరి గుడ్డలు ఎక్కడ ఉతకాలో, ఎక్కడ ఆరేయాలో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. దుప్పటి కింద పరుచుకుని ఒంటి వేడికి ఆరబెట్టుకున్నాం. అది పది రోజుల మాట. అక్కడ యుద్ధం లేదు, ఆకలి లేదు, ప్రాణభయం లేదు. ఆ పది రోజులను యుద్ధంతో పోల్చే సాహసం నేను చేయను. అయితే ఆ తర్వాత సైన్యంలో పనిచేసిన స్త్రీల గురించి ఏది చదివినా, నా చూపు పతకాల దగ్గర ఆగకుండా పాదాల దగ్గరికి పోవడం ఆ బూట్లతోనే మొదలైంది.

నేను చెప్పదలచుకున్నది ఇది. యుద్ధకాలంలో ఒక సైన్యం స్త్రీని నిజంగా సైనికురాలిగా లెక్కవేసిందా లేదా తెలుసుకోవాలంటే ఆమెకు ఇచ్చిన పతకాల జాబితా చాలదు. ఆమెకు ఇచ్చిన బూట్లూ లోదుస్తులూ సబ్బూ నమోదైన స్టోర్సు ఖాతా చూడాలి. ఆ ఖాతాను చిల్లర విషయంగా తీసి పక్కన పెట్టినంత కాలం మనకు తెలిసేది వీరగాథ మాత్రమే. ఆ వీరగాథలోని మనిషి రోజు ఎలా గడిచిందో తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ ఎర్రసైన్యంలో దాదాపు 8 లక్షల మంది స్త్రీలు పనిచేశారు. 1941 జూన్ 22న జర్మనీ దండెత్తిందన్న వార్త వినగానే ఎందరో అమ్మాయిలు సైనిక నమోదు కార్యాలయాల ముందు నిలబడ్డారు. వైద్యులనూ నర్సులనూ తీసుకున్నారు గానీ తుపాకీ కావాలన్న అమ్మాయిలను చాలా చోట్ల మొదట ఇంటికి పంపించేశారు. ఆ ఏడాది ముగిసేసరికి లక్షలాది మగ సైనికులు చనిపోయి, ఇంకెన్నో లక్షల మంది జర్మన్లకు బందీలుగా చిక్కారు. తలుపులు తెరుచుకున్నది అప్పుడే. 1942 మార్చి 25న ప్రభుత్వ రక్షణ కమిటీ లక్ష మంది కమ్యూనిస్టు యువజన సంఘపు అమ్మాయిలను విమాన నిరోధక దళాల్లోకి తీసుకోవాలని తీర్మానించింది. అక్కడి మగవాళ్ళను ముందు వరుసకు పంపడానికే ఆ ఏర్పాటు. ఆ దేశంలో సమానత్వం మీద నమ్మకమే లేదని నేను అనడం లేదు. ఆ తరం అమ్మాయిలు విమాన క్లబ్బుల్లో, పారాచ్యూట్ క్లబ్బుల్లో, రైఫిల్ పోటీల్లో పెరిగారు, స్త్రీ పురుషులు సమానమన్న మాట బడిలోనే విన్నారు, దాన్ని మనసారా నమ్మారు. కానీ సైన్యం వాళ్ళను పిలిచిన సమయాన్ని చూస్తే, నమ్మకం కన్నా అవసరమే ముందు నడిచిందని అర్థమవుతుంది. వేళ కాని వేళ వచ్చిన చుట్టానికి ఇంట్లో ఏది మిగిలి ఉంటే అది పెట్టినట్టు, వచ్చిన అమ్మాయిలకు గిడ్డంగిలో ఏది ఉంటే అది ఇచ్చారు.

ఉన్నవన్నీ మగవాళ్ళవి. 1941 అక్టోబరులో, యుద్ధానికి ముందే సుదూర విమానయాన రికార్డులతో దేశమంతా పేరు తెచ్చుకున్న మరీనా రస్కోవా, వోల్గా ఒడ్డున సరాతోవ్ ఎదురుగా ఉన్న ఎంగెల్స్ పట్టణంలో మూడు మహిళా విమాన రెజిమెంట్లకు శిక్షణ మొదలుపెట్టింది. ఇరవయ్యేళ్ళు అటూ ఇటూగా ఉన్న విద్యార్థినులకు, ఫ్యాక్టరీ కార్మికురాళ్ళకు అక్కడ మగవాళ్ళ కొలతల ప్యాంట్లు, నేలను ఊడ్చే ఓవర్‌కోట్లు, మగవాళ్ళ లోదుస్తులు, అక్కడి కొలతలో 42, 43 నంబర్ల పెద్ద బూట్లు ఇచ్చారు. ఆ సైన్యంలో సాక్సులు ఉండేవి కావు. పాదానికి గుడ్డపట్టీ చుట్టుకుని బూటులో పెట్టుకోవాలి. చుట్టడంలో ఒక్క ముడత పడినా మైలు దూరానికే చర్మం ఊడివస్తుంది. చిన్న పాదానికి ఎన్ని చుట్లు చుట్టినా పెద్ద బూటు నిండదు కాబట్టి, ముందు భాగంలో కాగితాలు కుక్కుకునేవాళ్ళు. దినపత్రికను అలా బూట్లోకి కుక్కుకున్నవాళ్ళు ఎనభై ఏళ్ళ కిందట వోల్గా ఒడ్డున కూడా ఉన్నారని చదివిన రోజున నేను చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను.

జుట్టు విషయమూ అక్కడే తేలింది. మగపిల్లల్లాగా చెవుల దాకా కత్తిరించుకోవాలని, జడ ఉంచుకోదలచినవాళ్ళు రస్కోవా అనుమతి అడగాలని ఆజ్ఞ. చాలామంది అడగలేదు. ఆ ఆజ్ఞను నేను తప్పుపట్టను. నీళ్ళు కొరవై, పేలు పట్టే చోట పొడుగు జుట్టు ఎంత నరకమో పొడుగు జుట్టు ఉన్నవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అయితే ఇక్కడ ఒకటి గమనించాలి. శరీరాన్ని సైన్యానికి అనుగుణంగా మార్చే ఆజ్ఞ ఒక్క రోజులో అమలైంది. సైన్యపు సామాన్లు శరీరానికి అనుగుణంగా మారడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ఆ మూడు రెజిమెంట్లలో పైలట్ల నుంచి మెకానిక్కుల దాకా అందరూ స్త్రీలే ఉన్నది 588వ రాత్రి బాంబర్ల రెజిమెంట్. తర్వాత దానికి, బాగా పోరాడిన దళాలకు ఇచ్చే గార్డ్స్ అనే గౌరవ హోదా ఇచ్చి 46వదిగా పేరు మార్చారు. జర్మన్లు వాళ్ళను ‘రాత్రి మంత్రగత్తెలు’ అన్నారన్న సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు, కాబట్టి దాని మీద ఎక్కువ మాట్లాడను. ఆ పేరు వెనకాల పని ఎలా సాగిందన్నదే నాకు ముఖ్యం. వాళ్ళ పో-2 విమానం చెక్క చట్రానికి గుడ్డ కప్పిన శిక్షణ విమానం. వేగం గంటకు 150 కిలోమీటర్లు దాటదు. పైకప్పు లేదు, కాబట్టి శీతాకాలపు రాత్రి గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. 1944 దాకా వాళ్ళు పారాచ్యూట్లు లేకుండానే ఎగిరారు. ఆ బరువుకు బదులు బాంబులు పట్టేవి. చీకటి పడ్డాక బయలుదేరి, లక్ష్యం దగ్గర ఇంజను వేగం తగ్గించి జారుతూ వచ్చి, బాంబులు వదిలి, తిరిగివచ్చి, మళ్ళీ బాంబులు నింపుకుని వెళ్ళేవాళ్ళు. పొడుగు రాత్రుల్లో పైలటూ దారి చూపే నావిగేటరూ కలిసిన ఒక్కో జంట పదికి పైగా సార్లు వెళ్ళివచ్చేది.

పైలట్ల ఫోటోలు ఉన్నాయి, విగ్రహాలు ఉన్నాయి. నేల మీద పనిచేసిన ఆయుధ మెకానిక్కుల గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. తిరిగివచ్చిన ప్రతి విమానానికీ కొద్ది నిమిషాల్లో 50, 100 కిలోల బాంబులను చేతులతో ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని రెక్కల కింద బిగించింది వాళ్ళే. దీపం వెలిగించకూడదు. చేతి తొడుగులతో ఫ్యూజు బిగించడం కుదరదు కాబట్టి మంచులోనూ వట్టి వేళ్ళతోనే ఆ పని చేసేవాళ్ళు. ఒక రాత్రిలో ఒక్కొక్కరి చేతుల మీదుగా టన్నుల కొద్దీ బరువు పోయేది. తెల్లవారాక పడుకునేది గోతిలో కట్టిన మట్టి గదిలోనో, ఖాళీ చేసిన బడిలోనో, పశువుల కొట్టంలోనో. 1943 జూలై 31 రాత్రి దక్షిణ రష్యాలోని కుబాన్ ప్రాంతంలో, రాత్రిపూట వేటాడే జర్మన్ యుద్ధవిమానం దాడిలో ఆ రెజిమెంట్ విమానాలు నాలుగు కూలిపోయి ఎనిమిది మంది చనిపోయారు. మర్నాడు పొద్దున వాళ్ళు పడుకునే గదిలో ఎనిమిది పడకలు ఖాళీగా మిగిలాయి. ఆ సాయంత్రం మిగతావాళ్ళు మళ్ళీ విమానాల దగ్గరికి వెళ్ళారు.

ఇదే రెజిమెంట్‌లో జరిగిన ఒక ఘటన నా వాదనకు ప్రాణం. లక్ష్యాన్ని వెలిగించడానికి వదిలే కాంతి బాంబులకు చిన్న పట్టు పారాచ్యూట్లు ఉండేవి. ఇద్దరు ఆయుధ మెకానిక్కులు అలాంటి ఒక బాంబును విప్పి, ఆ పట్టుతో తమకు లోదుస్తులు కుట్టుకున్నారు. మగవాళ్ళకు కుట్టిన లోదుస్తుల్లో రాత్రంతా బాంబులు మోసే అమ్మాయిలకు ఆ పట్టు ముక్క విలాస వస్తువు కాదు. విషయం బయటపడింది. సైనిక న్యాయస్థానం యుద్ధసామగ్రిని పాడుచేసిన నేరానికి వాళ్ళకు పదేళ్ళ శిక్ష వేసింది. రెజిమెంట్ వాళ్ళను వదులుకోలేదు, పనిలోనే ఉంచుకుంది. ఆ తర్వాత వాళ్ళు నావిగేటర్లుగా శిక్షణ పొంది యుద్ధవిమానాల్లో ఎగిరారు. ఇద్దరిలో ఒకరు తిరిగిరాలేదు.

ఈ సంగతి చదివినప్పుడల్లా నేను ఆ న్యాయస్థానం ముందున్న కాగితాన్ని ఊహించుకుంటాను. అందులో ఒక పారాచ్యూట్ ఖరీదు ఉంటుంది, అది పోతే చీకట్లో మిగిలిపోయే లక్ష్యం ఉంటుంది. ఆ రెండూ నిజమైన నష్టాలే. కానీ ఆ అమ్మాయిలకు ఇవ్వాల్సి ఉండీ ఇవ్వని బట్టల లెక్క ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. సైన్యం వాళ్ళకు పడిన బాకీ ఏ ఖాతాలోనూ ఎక్కలేదు. వాళ్ళు సైన్యానికి పడిన బాకీ మాత్రం పదేళ్ళుగా లెక్క తేలింది.

నెలసరి గురించి అప్పటి అధికారిక కాగితాలు దాదాపుగా మాట్లాడవు. వాళ్ళే తర్వాత చెప్పుకున్న జ్ఞాపకాల్లో అది మళ్ళీ మళ్ళీ వస్తుంది. దూదీ గాజుగుడ్డా గాయపడినవాళ్ళకే సరిపోనప్పుడు వాటిని అడగడానికి నోరు రాక, చొక్కా చేతులు చింపి వాడుకున్నవాళ్ళున్నారు. గడ్డీ ఆకులూ వాడినవాళ్ళున్నారు. మైళ్ళ తరబడి కవాతులో తొడలు ఒరుసుకుపోయి, రక్తం అట్టకట్టి, కరకులేచిన ప్యాంటు గాజుపెంకులా కోసుకుపోయినా వరుస తప్పకుండా నడిచినవాళ్ళున్నారు. ఆకలీ చలీ భయమూ కలిసి చాలామందికి నెలసరే ఆగిపోయింది. అది మేలే అనుకున్నారు. యుద్ధం ముగిశాక పిల్లలు పుడతారో లేదో అన్న భయం అప్పుడు మొదలైంది.

ఇక సబ్బు సంగతి. 1942 ఆగస్టులో సోవియట్ రక్షణ శాఖ ఒక ఆజ్ఞ ఇచ్చింది: పొగతాగని స్త్రీ సైనికులకు పొగాకు కోటాకు బదులు నెలకు 200 గ్రాముల చాక్లెట్ గానీ 300 గ్రాముల మిఠాయిలు గానీ ఇవ్వాలి. 1943 ఏప్రిల్‌లో ఇంకో ఆజ్ఞ వచ్చింది: స్త్రీ సైనికులకు నెలకు అదనంగా 100 గ్రాముల సబ్బు ఇవ్వాలి. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడమని నేను అడుగుతాను. మిఠాయి ఇచ్చినవాళ్ళు దయతోనే ఇచ్చారు, దాన్ని అందుకున్న అమ్మాయిలు సంతోషించారు, ఆకలి రోజుల్లో చాక్లెట్ ముక్క విలువ నాకు తెలియనిది కాదు. అయినా స్త్రీ అనగానే తీపి గుర్తొచ్చిన సైన్యానికి నెలసరీ రక్తమూ నీళ్ళూ గుర్తురావడానికి ఇంకో ఎనిమిది నెలలు పట్టింది.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. నాకు చాలా దగ్గరివాళ్ళే, యుద్ధచరిత్ర బాగా చదివినవాళ్ళే ఆ జవాబు చెప్పారు: ‘1941లో ఫ్యాక్టరీలకు ఫ్యాక్టరీలను రైళ్ళలో ఎక్కించి ఉరల్ పర్వతాల అవతలికి తరలిస్తున్న దేశం అది. మగ సైనికులకే బూట్లు చాలలేదు. అలాంటప్పుడు ఆడవాళ్ళ లోదుస్తుల గురించి ఆలోచించలేదని నిందించడం న్యాయమా?’ ఆ మొదటి శీతాకాలానికి ఈ మాట నూటికి నూరు పాళ్ళూ ఒప్పుకుంటాను. శత్రువు మాస్కో గుమ్మంలో ఉన్నప్పుడు ఎవరూ కొలతల టేపు పట్టుకుని కూర్చోరు. కానీ యుద్ధం నాలుగేళ్ళు సాగింది. 36వ నంబరు బూటుకు 42వ నంబరు బూటు కన్నా తోలు తక్కువే పడుతుంది. చిన్న కోటుకు గుడ్డ తక్కువే పడుతుంది. కాబట్టి వస్తువు కొరత ఒక్కటే కారణమైతే చిన్న సైజులే ముందు రావాలి. అవి రాకపోవడానికి కారణం, కొలత తీసుకోవాల్సిన మనిషి ఒకరు ఉన్నారని నమూనా గీసేవాడికి ఎవరూ చెప్పకపోవడం. అదే యుద్ధంలో బ్రిటన్ తన మహిళా సహాయక దళానికి స్త్రీల కొలతల యూనిఫారం కుట్టించింది. మన దేశంలో 1942లో ఏర్పడిన మహిళా సహాయక దళంలో చేరిన భారతీయ స్త్రీలకు ఖాకీ చీర యూనిఫారంగా ఉండేది. ఆ రెండు దళాలూ ఎర్రసైన్యపు అమ్మాయిల్లాగా శత్రువుకు ఎదురునిలిచినవి కావు, ఆ తేడా నేను మరచిపోవడం లేదు. అయితే యుద్ధం మధ్యలోనే స్త్రీకి సరిపడే బట్ట కుట్టడం అసాధ్యమన్న మాట మాత్రం నిలవదు.

తక్కినవాళ్ళ రోజు ఎలా గడిచిందో కూడా చెప్పాలి, ఎందుకంటే విమానాల్లో ఎగిరినవాళ్ళు ఎనిమిది లక్షల్లో చాలా కొద్దిమంది. పదాతి దళం వెంట నడిచిన వైద్య సహాయకురాలు గాయపడిన మగవాడిని వానకోటు మీదికి దొర్లించి, నేలకు కరుచుకుని పాకుతూ లాక్కురావాలి. 1941 ఆగస్టు 23 నాటి ఆజ్ఞ ప్రకారం 15 మంది గాయపడినవాళ్ళను వాళ్ళ తుపాకులతో సహా తెస్తే పతకానికి సిఫారసు, 80 మందిని తెస్తే ఆ దేశపు అత్యున్నత పురస్కారమైన ఆర్డర్ ఆఫ్ లెనిన్‌కు. తుపాకులతో సహా అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. తనకన్నా బరువైన మనిషిని ఈడ్చే పిల్ల వెనక్కి వెళ్ళి అతని నాలుగు కిలోల రైఫిలును కూడా తెచ్చుకోవాలి. సైన్యానికి ప్రతి రైఫిలూ లెక్కే. ఆ పిల్ల నడుము లెక్కలో లేదు.

పొలాల్లో, నదుల ఒడ్డున బట్టలు ఉతికే దళాలు ఉండేవి. వాటి నిండా స్త్రీలే. రక్తంతో బిగుసుకుపోయిన, పేలతో నిండిన సైనికుల బట్టలను తొట్లలో చేతులతో ఉతికేవాళ్ళు. పేలను చంపడానికి ఇచ్చే ఘాటైన సబ్బుకు చేతుల చర్మం పొరలుగా లేచిపోయేది, గోళ్ళు ఊడేవి. తడిసిన బట్టల మూటలు ఎత్తి ఎత్తి నడుములు పోయేవి. ఒక సైనికుడు ఉతికిన చొక్కా తొడుక్కుని తృప్తిగా నిద్రపోయిన ప్రతి రాత్రి వెనుకా ఆ చేతులున్నాయి. నా లెక్కల పుస్తకం మీద కనిపించిన ఫోటోల్లాంటివి ఆ చేతులకు దక్కడం అరుదు.

మగవాళ్ళ కంపెనీలో ఒంటరిగా ఉన్న టెలిఫోన్ ఆపరేటరుకో నర్సుకో వేరే కష్టం ఉండేది. పడుకోవడానికి గోతిలో ఒక మూల, చుట్టూ నలభై మంది మగవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఆమెను చెల్లెలిగా చూసుకున్నారని ఆ స్త్రీలే చెప్పారు, నేను నమ్ముతాను. కానీ పై అధికారి పిలిస్తే కాదనడానికి ఆమెకు ఏ అధికారమూ లేదన్నది కూడా నిజం. ‘రణరంగపు పెళ్ళాం’ అన్న అర్థం వచ్చే ఒక పొట్టిపేరు ఆ సైన్యంలో పుట్టింది. ఆ పేరు పడింది అమ్మాయి మీద, అధికారి మీద కాదు. యుద్ధ సేవకు ఇచ్చే పతకం స్త్రీ రొమ్ము మీద కనిపిస్తే, అది ఏ సేవకు వచ్చిందో అంటూ బూతుగా తిప్పి నవ్వేవాళ్ళు. తుపాకీతో పాటు గాయపడినవాడిని ఈడ్చుకొచ్చి సంపాదించిన పతకం అది.

బట్టల గురించి వాళ్ళను అడిగినవాళ్ళు లేకపోలేదు. 309 మంది శత్రు సైనికులను పడగొట్టినట్టు నమోదైన స్నైపర్ (చాటు నుంచి గురిపెట్టి కాల్చే సైనికురాలు) ల్యూద్మిలా పవ్లిచెంకో 1942లో అమెరికా వెళ్ళినప్పుడు, అక్కడి విలేకరులు ఆమెను యుద్ధరంగంలో ముఖానికి పౌడరు రాసుకుంటారా అని అడిగారు, ఆమె యూనిఫారం స్కర్టు పొడవు బాగాలేదని రాశారు. అప్పటికి ఆమె పలుమార్లు గాయపడి ఉంది. ఒంటి మీది బట్ట గురించిన ప్రశ్న అనగానే అది అలంకారం గురించిన ప్రశ్నే అయిపోవడం వల్ల, ఆ బట్టలో మంచు మీద గంటల తరబడి కదలకుండా పడుకోవడం ఎలా కుదిరిందన్న అసలు ప్రశ్న అడిగేవాళ్ళు లేకుండా పోయారు. సైనికురాలి బట్టల మాట ఎత్తితే ఈ రోజుకీ చాలామందికి చిన్నతనంగా అనిపించడానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

ఆ అమ్మాయిలు ఏడుస్తూ గడిపారని ఎవరైనా అనుకుంటే అది నా రాతలో లోపం. విమానాలు ఎగరలేని వానరాత్రుల్లో వాళ్ళు పాడుకున్నారు, నాట్యం చేశారు, పాదపట్టీల గుడ్డల మీద నీలిరంగు పూలు కుట్టుకున్నారు. ఆ జ్ఞాపకాలు చెప్పేటప్పుడు వాళ్ళ గొంతుల్లో వెలుగు కనిపిస్తుంది. తమ జీవితంలో అంత స్నేహం మళ్ళీ దొరకలేదన్నవాళ్ళూ ఉన్నారు. ఆ సంతోషం వాళ్ళు తమంతట తాము సంపాదించుకున్నది. దాన్ని చూపించి, అంతా బాగానే ఉందని చెప్పుకునే హక్కు గిడ్డంగికి రాదు.

1945 జూలైలో, సైన్యం నుంచి ఇంటికి పంపుతున్న స్త్రీలతో మాట్లాడుతూ సోవియట్ అధ్యక్ష స్థానంలో ఉన్న కాలీనిన్, మీరు చేసిన సేవల గురించి మీరే చెప్పుకోకండి, ఇతరులను చెప్పనివ్వండి అన్న అర్థం వచ్చే సలహా ఇచ్చాడు. ఇతరులు చెప్పలేదు. చాలామంది పతకాలను పెట్టెల్లో దాచారు. పెళ్ళి సంబంధాల దగ్గర యుద్ధానికి వెళ్ళిన సంగతే దాచినవాళ్ళున్నారు. నాలుగేళ్ళు బూట్లలో నడిచిన పాదాలకు మడమ ఉన్న చెప్పుల్లో నడక మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చిందని, స్కర్టు తొడుక్కుంటే బట్టల్లేకుండా ఉన్నట్టు అనిపించిందని ఎందరో చెప్పారు. 1965లో విజయ దినోత్సవం మళ్ళీ సెలవు రోజు అయ్యాక గానీ ఆ పతకాలు కోట్ల మీదికి ఎక్కలేదు. మా ఇంటికి వచ్చిన ఫోటో ఆ తర్వాతి కాలపుది. అంటే ఆ పెద్దావిడ తన పతకాలను మళ్ళీ బయటికి తీయడానికి ఇరవయ్యేళ్ళు ఎదురుచూసి ఉండవచ్చు.

ఇదంతా పాత కథ అనుకోవడానికి వీల్లేదు. అదే నేల మీద, 2022లో రష్యా దండెత్తాక ఉక్రెయిన్ సైన్యంలో చేరిన స్త్రీలు మగవాళ్ళ కొలతల యూనిఫారాలతోనే యుద్ధానికి వెళ్ళారు. సరిపోయే బట్టలూ బూట్లూ స్వచ్ఛంద కార్యకర్తలు చందాలు పోగుచేసి కుట్టించి పంపారు. ఆ దేశపు రక్షణ శాఖ స్త్రీల కొలతల యుద్ధరంగ యూనిఫారాన్ని ఆమోదించింది 2023లో.

మన దేశం మాట వేరే రకం. స్త్రీ అధికారులకు సైన్యంలో శాశ్వత కమిషన్, అంటే పదవీ విరమణ దాకా కొనసాగే ఉద్యోగం, విషయమై 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ కేసులో కేంద్రం వినిపించిన వాదనల్లో, సరిహద్దు స్థావరాల్లో వసతీ పరిశుభ్రతా సౌకర్యాలు అంతంత మాత్రమేనన్నది ఒకటి. గ్రామీణ నేపథ్యం నుంచి వచ్చే జవాన్లు స్త్రీ ఆజ్ఞను పాటించడానికి మానసికంగా సిద్ధంగా లేరన్నది ఇంకొకటి. కోర్టు ఆ వాదనలను అంగీకరించలేదు. రెండో వాదన గురించి అప్పట్లో అందరూ మాట్లాడారు, టీవీల్లో చర్చలు జరిగాయి. మొదటిది మాత్రం చప్పుడు లేకుండా గడిచిపోయింది. నా మనసులో గుచ్చుకున్నది ఆ మొదటిదే. సోవియట్ సైన్యం సౌకర్యం కల్పించకుండానే స్త్రీని తీసుకుంది, మన వాదన సౌకర్యం లేదు కాబట్టి స్త్రీని తీసుకోలేమంది. రెండు చోట్లా మరుగుదొడ్డి కట్టాల్సినవాడి బాధ్యత ఆమె శరీరం మీదికే వచ్చి పడింది. 2021 మేలో సైనిక పోలీసు విభాగంలో 83 మంది స్త్రీలు తొలిసారి జవాన్లుగా శిక్షణ ముగించారు. 2025 మేలో జాతీయ రక్షణ అకాడమీ నుంచి 17 మంది అమ్మాయిల మొదటి జట్టు బయటికి వచ్చింది. ఆ ఫోటోలు నేను పత్రికలో కత్తిరించి పెట్టుకున్నాను. అందులో ఒక ఫోటోలో పాదాలు కూడా కనిపిస్తాయి.

కిందటేడాది మా అక్క కూతురు తన కాలేజీలో, ఒకప్పుడు నేను చేరినలాంటి శిక్షణలోనే చేరింది. యూనిఫారం వచ్చిందని ఫోను చేసి ఉత్సాహంగా చెప్పింది. టోపీ గురించి చెప్పింది, బెల్టు గురించి చెప్పింది, అద్దంలో చూసుకుంటే తను వేరే మనిషిలా ఉన్నానంది. చాలాసేపు విన్నాక, బూట్లు సరిపోయాయా అమ్మా అని అడిగాను.

‘‘కొంచెం పెద్దవే పిన్నీ. రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోతున్నాయి’’ అంది.

ఏ సైజు ఇచ్చారని అడిగి, ఆమె చెప్పింది డైరీలో రాసుకున్నాను. పాదం 4, ఇచ్చిన బూటు 6, ఆ రోజు తేదీ.